సంస్థకూ వాడకూ మధ్య: కార్యకర్త పని ఏమిటి?

ప్రశ్న: నేను ఒక స్వచ్ఛంద సంస్థలో సమాజాభివృద్ధి కార్యకర్తగా చేరి ఎనిమిది నెలలైంది. నాకు అప్పగించిన వాడలో మురుగునీరు సందుల్లో నిలిచిపోతోంది. ఎవరిని కదిలించినా మొదట ఆ మాటే చెబుతారు. మా ప్రాజెక్టులో మాత్రం ఉన్నవి యువతకు కంప్యూటర్ శిక్షణ, ఆరోగ్య అవగాహన సదస్సులు. నెలకు ఇన్ని జరపాలని లెక్క కూడా ఉంది. మొదట్లో వాడవాళ్ల తరఫున రెండు అర్జీలు నేనే రాసి ఇచ్చాను. ఇప్పుడు ఏ కాగితం పని పడినా నా దగ్గరికే వస్తున్నారు. సమావేశం పెడితే సొంత ఇళ్లున్న ముగ్గురు నలుగురే మాట్లాడతారు. అద్దెకున్నవాళ్లను ఇందులో కలపనక్కరలేదని వాళ్లలో ఒకరు నా ముందే అన్నారు. విలువల గురించి అడిగితే, అవన్నీ ప్రాజెక్టు ప్రతిపాదనలో రాసుకోవడానికే గానీ ఫీల్డులో పనికిరావని సీనియర్ సహోద్యోగి ఒకరు కొట్టిపారేశారు. ఇంతకీ నేను ఎవరి మనిషిని? నా పని ఏమిటి?

సమాధానం: మీ చివరి రెండు ప్రశ్నలే అసలైనవి కాబట్టి వాటితోనే మొదలుపెడతాను. మీకు జీతం ఇచ్చేది సంస్థ, మీరు పని చేసేది వాడలోని మనుషులతో, సంస్థకు డబ్బు ఇచ్చిన దాతలు ఇంకెక్కడో ఉంటారు. మూడు వైపుల నుంచీ లాగే ఉద్యోగం ఇది; ఎక్కడ చేసినా ఇంతే. ఏదో ఒక పక్షం తేల్చేసుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది గానీ పని సాగదు. పూర్తిగా సంస్థ మనిషినే అనుకుంటే వాడ దృష్టిలో మీరు హాజరు పట్టిక నింపుకుని వెళ్లిపోయే ఉద్యోగిగా మిగిలిపోతారు. పూర్తిగా వాడ మనిషినే అనుకుంటే సంస్థలో మీకు చోటుండదు, మీ ద్వారా వాడకు అందాల్సినదీ అందదు. అందువల్ల మీ ప్రశ్నను కొద్దిగా మార్చి మీకే వేస్తాను. ఈ వాడకు సంబంధించిన ఒక్కొక్క విషయంలో నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసా? నా ఉద్దేశంలో కార్యకర్త పాత్ర అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. నిర్ణయాన్ని వీలైనంతవరకు ప్రజల చేతికి చేర్చడం ఒక పని. చేర్చలేనిచోట ఆ మాట ఉన్నదున్నట్టు వాళ్లకు చెప్పడం రెండో పని. మొదటిదాని గురించి శిక్షణ తరగతుల్లో బోలెడంత చెబుతారు. రెండోదాన్ని ఎవరికి వారే నేర్చుకోవాల్సి వస్తోంది.

నిర్వచనాలకు ఈ వృత్తిలో కరువేమీ లేదు. 1953లో ఏర్పడిన అంతర్జాతీయ సమాజాభివృద్ధి సంఘం 2016లో ఒక నిర్వచనాన్ని ఆమోదించింది. ప్రజలు తాము ఉన్నచోట సంఘటితమై, నేర్చుకుంటూ, సాధికారత పొందడం ద్వారా భాగస్వామ్య ప్రజాస్వామ్యాన్ని, సుస్థిర అభివృద్ధిని, హక్కులను, ఆర్థిక అవకాశాలను, సమానత్వాన్ని, సామాజిక న్యాయాన్ని పెంపొందించే వృత్తి ఇదని దాని సారాంశం. మీ సహోద్యోగి బహుశా ఇలాంటి వాక్యాలు చదివీ చదివీ విసిగిపోయి ఉంటారు, అందుకు వారిని తప్పుపట్టలేను. మంచి మాటలన్నీ ఒకే వరుసలో నిలబెడితే వాటిలో ఏది ముందో, ఏది వెనకో తెలియదు. ఫీల్డులో రెండు విలువలు ఒకదానికొకటి అడ్డుపడే రోజు తప్పకుండా వస్తుంది, ఆ రోజున దేన్ని పట్టుకోవాలో ఆ వాక్యం చెప్పదు. మీ ఉత్తరంలోనే అలాంటి సందర్భం ఉంది. వాడవాళ్ల మాట చెల్లాలన్నది ఒక విలువ, వాడలో ప్రతి ఒక్కరికీ మాట ఉండాలన్నది ఇంకొక విలువ. అద్దెదారులను పక్కన పెడదామని సొంత ఇళ్లవాళ్లు అన్న క్షణాన ఆ రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. అక్కడ మీరు ఏం చేస్తారన్నదాన్ని బట్టే మీ విలువలేమిటో తెలుస్తుంది. అంటే అవి పనికివచ్చేదే ఫీల్డులో. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు అర్జీల సంగతి చూద్దాం. మొదటి రెండూ మీరు రాసిపెట్టడంలో తప్పు లేదు. వాడలోకి కొత్తగా వచ్చిన మనిషిని నమ్మడానికి ఎవరికైనా ఏదో ఒక ఆధారం కావాలి, ఆ రెండు కాగితాలు అందుకు పనికొచ్చాయి. మూడోదాని నుంచి కథ మారుతుంది. సాల్ అలిన్‌స్కీ 1940లో అమెరికాలో స్థాపించిన ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్‌లో ప్రజా సంఘాలను కట్టేవాళ్లు ఒక సూత్రాన్ని ‘ఇనుప నియమం’ అని పిలుచుకుంటారు: మనుషులు తమంతట తాము చేసుకోగలిగిన పనిని వాళ్ల కోసం మరొకరు చేయకూడదని దాని భావం. నియమం మంచిదే. అయితే దీన్ని అడ్డం పెట్టుకుని చేతులు దులుపుకునేవాళ్లూ ఉన్నారన్నది మరిచిపోకూడదు. చదువు రాని వృద్ధురాలు పింఛను కాగితం పట్టుకుని వస్తే ‘మీరే నేర్చుకోవాలమ్మా’ అని పంపేయడం సాధికారత అనిపించుకోదు. ఎవరు ఏది చేసుకోగలరన్నది మనిషిని బట్టి, పనిని బట్టి, ఆ పూట ఇంట్లో ఉన్న పరిస్థితిని బట్టి మారుతుంది. దాన్ని అంచనా వేయడమే మీ నైపుణ్యం.

మురుగునీటి గురించి తర్వాతి అర్జీ రాయాల్సి వచ్చినప్పుడు ఇలా చేసి చూడండి. వాడలో కాలేజీ చదువుతున్న పిల్లలో, ఎప్పుడో చదువు మానేసినా చేతిరాత మరవని గృహిణో ఎవరో ఒకరు ఉంటారు. కలం వాళ్ల చేతికివ్వండి. ఎవరికి రాస్తున్నారు, ఏం కావాలంటున్నారు, ఎప్పటిలోగా కావాలి అన్న మూడు సంగతులూ పక్కన కూర్చున్న నలుగురి చేత చెప్పించి, వాక్యాలు వాళ్లనే కట్టుకోనివ్వండి. వాక్యం కాస్త వంకరగా వచ్చినా దిద్దకండి, చదివే అధికారికి విషయం అర్థమైతే చాలు. ఇవ్వడానికి కనీసం ముగ్గురు వెళ్లాలి. మీరు కూడా వెళితే వెనక వరుసలో నిలబడండి. అధికారి చూపు ముందు మీ మీదే పడుతుంది, ప్రశ్న మీకే వేస్తారు, ఎందుకంటే సంస్థల మనుషులతో మాట్లాడటం వాళ్లకు అలవాటు. ఆ క్షణంలో జవాబు మీకు తెలిసినా నోరు మెదపకుండా పక్కనున్న వాడ మనిషి వైపు చూడాలి, ఇది వినడానికి చిన్న సంగతే గానీ చేయడానికి చాలా నిగ్రహం కావాలి. అర్జీ నకలు మీద ముద్రా తేదీ వేయించుకున్నాక ఆ నకలు ఎవరి ఇంట్లో ఉండాలో బయటికి రాగానే వాళ్లే అనుకోవాలి. అది మీ బ్యాగులో ఉన్నంతకాలం ‘ఆ పని ఏమైందండీ’ అని జనం మిమ్మల్నే అడుగుతారు, కార్యాలయం మెట్లెక్కి అడగరు.

మురుగునీటి విషయంలోనే కార్యకర్త పాత్ర ఎంతవరకో తేటతెల్లంగా చూపించిన ప్రయోగం ఒకటి ఉంది. కరాచీ నగరంలోని ఒరాంగీ అనే పెద్ద అనధికార నివాస ప్రాంతంలో అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో ఒక పైలట్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఆయన ఒకప్పటి ఐ.సి.ఎస్. (బ్రిటిష్ పాలన నాటి సివిల్ సర్వీసు) అధికారి, ఆ ఉద్యోగం వదులుకుని, తర్వాతి కాలంలో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కొమిల్లాలో గ్రామీణాభివృద్ధి అకాడమీని నడిపిన అనుభవజ్ఞుడు. అంతటి మనిషి ఒరాంగీలో చేసిన మొదటి పని సందుల్లో తిరుగుతూ జనంతో మాట్లాడటం. మురుగు కాలువలు లేక అవస్థ పడుతున్నా జనం ఎందుకు కదలడం లేదని ఆరా తీస్తే నాలుగు అడ్డంకులు కనిపించాయి. ప్రభుత్వం ఎప్పటికైనా ఉచితంగా వేస్తుందన్న ఎదురుచూపు ఒకటి. మామూలు పద్ధతిలో వేయిస్తే అయ్యే ఖర్చు భరించలేనిది కావడం రెండోది. గొట్టం ఎంత వాలులో వేయాలో, ఎలా కొలవాలో తెలియకపోవడం మూడోది. పక్కింటివాళ్లతో కలిసి ఒక పని చేసే కట్టుబాటు లేకపోవడం నాలుగోది. ఒక్కో అడ్డంకి ఒక్కో రకమైనది కాబట్టి అన్నిటికీ కలిపి ఒక అవగాహన సదస్సు పెట్టి సరిపెట్టలేదు.

పని ఎలా పంచుకున్నారో చూడండి. ఇరవై ముప్పై ఇళ్లున్న సందును ఒక యూనిట్‌గా తీసుకున్నారు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు కావడానికి అది తగిన పరిమాణం. సందులోవాళ్లు తమలో ఒకరిని ప్రతినిధిగా ఎంచుకుని సహాయం కావాలని ప్రాజెక్టును అడగాలి. అప్పుడు సాంకేతిక సిబ్బంది వచ్చి కొలతలు తీసి, పటం గీసి, అంచనా వేసి ఇచ్చేవారు. పనిముట్లు, సలహా అందించేవారు. ఇంటింటి నుంచి డబ్బు వసూలు చేసి పని చేయించుకోవడం సందు బాధ్యత, ఆ డబ్బును ప్రాజెక్టు ముట్టుకునేది కాదు. రూపకల్పనను సరళం చేయడం, కాంట్రాక్టర్ లాభం లేకపోవడం వల్ల ఖర్చు బాగా తగ్గింది. ఇంట్లో మరుగుదొడ్డి, సందులో గొట్టం, వాడ నీటిని కలుపుకునే కాలువ ప్రజలు వేసుకునేవి. ప్రధాన కాలువలు, శుద్ధి కేంద్రాలు ప్రభుత్వం చేయాల్సినవి అని స్పష్టంగా గీత గీశారు.

ఇందులో మీరు పట్టుకోవాల్సింది గొట్టాల సంగతి కాదు, హద్దుల సంగతి. డబ్బు ముట్టుకోకపోవడం వల్ల కార్యకర్త మీద అనుమానం పుట్టే అవకాశం పోయింది, సందులోవాళ్లకు ఒకరినొకరు లెక్క అడిగే అవసరమూ అలవాటూ వచ్చాయి. ఎవరి బాధ్యత ఎక్కడిదాకా అన్నది ముందే చెప్పడం వల్ల తర్వాత ‘మోసపోయాం’ అన్న మాటకు చోటు లేకపోయింది. అలాగని ఈ పద్ధతిని ఎత్తుకొచ్చి మీ వాడలో దించేయమని చెప్పడం లేదు. డబ్బున్నవాళ్లు ఉండే చోట పన్నుల సొమ్ముతో వేసే కాలువను పేదవాళ్లు మాత్రం చేతి డబ్బుతో వేసుకోవాలా అన్న ప్రశ్న న్యాయమైనది. ప్రజల శక్తిసామర్థ్యాల మీద ఆధారపడాలన్న మాట ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోవడానికి సాకుగా మారడం కొత్తేమీ కాదు. తామే వేసుకోవాలా, ప్రభుత్వాన్ని నిలదీయాలా, రెండూ కలిపి చేయాలా అన్నది వాడ తేల్చుకోవాలి. ఒక్కో దారికి ఎంత ఖర్చవుతుందో, ఎంతకాలం పడుతుందో, ఎక్కడ ఎదురుదెబ్బ తగలవచ్చో వివరాలు తెచ్చి వాళ్ల ముందు పెట్టడం మీ వంతు.

ఇక సంస్థ పెట్టిన లక్ష్యాల విషయం. అమెరికా గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖలో పౌర భాగస్వామ్యంపై సలహాదారుగా పనిచేసిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ఒక వ్యాసంలో భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. అడుగున ఉన్న రెండు మెట్లు జనాన్ని మభ్యపెట్టడం, వాళ్లకేదో లోపం ఉన్నట్టు సరిదిద్దబోవడం. ఆమె లెక్కలో అవి భాగస్వామ్యమే కాదు. మధ్యలోవి సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, ఒకరిద్దరికి కమిటీలో చోటిచ్చి బుజ్జగించడం, ఇవి నామమాత్రం. పైనున్న మూడు మెట్లలోనే ప్రజలకు నిజంగా అధికారం ఉంటుంది: కలిసి నిర్ణయించడం, అధికారాన్ని అప్పగించడం, పూర్తి నియంత్రణ. ఈ నిచ్చెనను చూపించి ప్రతి పనిలోనూ పై మెట్టు మీదే ఉండాలని చాలామంది బోధిస్తారు. నాకు అంత పట్టింపు లేదు. సమాచారం ఇవ్వడం దగ్గరే ఆగే పనులు కొన్ని ఉంటాయి, ఆగితే ఆగనివ్వండి. కానీ ‘ఇది మీకు తెలియజేస్తున్నాం, ఇందులో మార్చడానికి ఏమీ లేదు’ అని ఆ మాట చెప్పే చేయాలి. నాలుగో మెట్టు మీద నిలబడి ఆరో మెట్టు మీద ఉన్నట్టు మాట్లాడే కార్యకర్త నోటి మాటను ఆ వాడ మళ్లీ నమ్మదు, ఆ తర్వాత వచ్చే కార్యకర్తనూ నమ్మదు.

మీ కంప్యూటర్ శిక్షణకు దీన్ని అన్వయించి చూడండి. శిక్షణ జరుగుతుందన్నది ఖాయం, మీరు గానీ వాడ గానీ దాన్ని ఇప్పుడు మార్చలేరు. అయితే ఏ వేళప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, సీట్లు తక్కువైతే ఎవరికి ముందు ఇవ్వాలి, ఆడపిల్లలు రావాలంటే ఏమి కావాలి అన్నవి తెరిచి ఉంచగలిగినవే. వీటిని వాడకు వదిలేయవచ్చా అని ముందు సూపర్‌వైజర్‌ను అడిగి మాట తీసుకోండి, తర్వాతే సమావేశంలో పెట్టండి. అడగకుండా వాగ్దానం చేసి, ఆనక వెనక్కి తీసుకోవడం కన్నా అసలు అడగకపోవడమే నయం. మురుగునీటి గురించి కూడా అదే తీరున చెప్పండి: ‘దీనికి మా సంస్థ దగ్గర డబ్బు లేదు, వస్తుందని నేను అనలేను, నా సమయంలో నెలకు ఇంత దీనికి ఇవ్వగలను, సర్వే చేయడం, ఏ కార్యాలయానికి వెళ్లాలో కనుక్కోవడం, సమావేశాలు కూర్చడం వరకు తోడుంటాను.’ ఇది విని కొందరు మొహం ముడుచుకోవచ్చు. అయినా ఆ రోజు నుంచి మీ మీద పెట్టుకునే ఆశ మీరు మోయగలిగినంతే ఉంటుంది.

ఆరోగ్య సదస్సులనూ మురుగునీటినీ వేరువేరు గదుల్లో పెట్టి చూడనక్కరలేదు. నిలిచిన మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలు వ్యాధిని వ్యాపింపజేస్తుంది. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ మాత్రం ఎక్కువగా ఇళ్లలోనూ చుట్టుపక్కలా నిల్వ ఉన్న నీటిలో పెరుగుతుంది. ఒక సదస్సును కుర్చీలు వేసి జరిపే బదులు సందుల్లో నడుస్తూ జరిపితే, ఏ దోమ ఎక్కడ పుడుతోందో, ఇంటివాళ్లు చేసుకోగలిగింది ఏమిటో, కాలువ లేనిదే జరగనిది ఏమిటో కళ్లెదుటే కనిపిస్తుంది. సంస్థ లెక్కలో అది నిఖార్సైన ఆరోగ్య సదస్సే, రిపోర్టులో దాచాల్సిందీ లేదు. ప్రాజెక్టు కాగితాల్లో ఇలాంటి వెసులుబాట్లు చాలా ఉంటాయి. వెతకడానికి కాస్త ఓపిక కావాలి.

ఇప్పుడు సమావేశాల దగ్గరికి, అద్దెదారుల దగ్గరికి వద్దాం. మీరు కాస్త ఎక్కువ ఆలోచించాల్సిన చోటు ఇదే. సమావేశంలో ఎవరు మాట్లాడారన్నదాని కన్నా ఎవరు రాలేదన్నది ముందు రాసుకోండి. రాత్రి డ్యూటీకి వెళ్లేవాళ్లు, చంటిపిల్లల తల్లులు, వృద్ధులను కనిపెట్టుకుని ఉండేవాళ్లు, నెల కిందటే గదిలో దిగిన కుటుంబం, సొంత ఇళ్లవాళ్ల ముందు నోరు విప్పితే గది ఖాళీ చేయమంటారేమోనని భయపడేవాళ్లు: వీళ్లెవరూ మీ హాజరు పట్టికలో ఉండరు, పైగా వీళ్లు లేరన్న సంగతి కూడా ఆ పట్టికలో ఉండదు. పెద్ద సమావేశం పెట్టి ‘అందరూ మాట్లాడండి’ అంటే మాట్లాడేది నోరున్నవాళ్లే. దానికి ముందు రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి కూర్చునే చిన్న కూడికలు వేర్వేరు వేళల్లో పెట్టండి, అక్కడ అన్న మాటలను ఎవరన్నారో చెప్పకుండా పెద్ద సమావేశంలోకి తీసుకురండి. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, దగ్గరి దారి నాకైతే కనిపించలేదు.

మాటకు బదులు పటం పని చేసే సందర్భాలూ ఉంటాయి. ప్రజలే తమ ప్రాంతం పటాన్ని నేల మీద గీసి చర్చించే పద్ధతి 1980ల చివరి నుంచి ఈ రంగంలో బాగా వ్యాపించింది, దాన్ని విస్తృతంగా పరిచయం చేసినవారిలో అభివృద్ధి పరిశోధకులు రాబర్ట్ చేంబర్స్ ముఖ్యులు. సుద్దముక్కతోనో రంగుపొడితోనో సందును నేల మీద గీసి, వాన పడితే నీళ్లు ఎటు నుంచి ఎటు పోయి ఎక్కడ నిలుస్తాయో చూపించమని అడగండి. వేదిక మీద నోరు తెరవనివాళ్లు కూడా ‘అక్కడ కాదు, ఇదిగో ఇక్కడ’ అని వంగి చెరిపి గీస్తారు. పల్లంలో ఉన్న గదులు అద్దెకిచ్చినవే అయితే ఆ సంగతి ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే అందరికీ కనిపిస్తుంది. పల్లంలోని ఇళ్లను కలపకుండా ఎగువన గొట్టం వేస్తే ఆ నీరంతా ఎక్కడికి చేరుతుందో పిల్లలు కూడా చెప్పగలరు.

సొంత ఇళ్లవాళ్లను ప్రతినాయకులుగా చూడకండి. వాడ కాపురానికి పనికిరాని రోజుల నుంచి అక్కడ ఉండి, కార్యాలయాల చుట్టూ తిరిగి దాన్ని నిలబెట్టింది చాలాచోట్ల వాళ్లే. కాలువ విషయంలోనూ వాళ్ల పలుకుబడి లేకుండా పని జరగదు. సమావేశానికి ముందే, అద్దెదారులను కలపనక్కరలేదన్నవారి ఇంటికి వెళ్లి కారణం అడగండి. అద్దెదారులు రేపో మాపో వెళ్లిపోతారు, ఖర్చు మాత్రం మా మీద పడుతుందని వాళ్లు అంటే అందులో సగం న్యాయం ఉంది. ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలన్నది ఒక చర్చ, మాట ఎవరికి ఉండాలన్నది వేరే చర్చ అని ఆ రెండింటినీ విడదీయండి. ఇంటికి విలువ పెరిగేది యజమానికి కాబట్టి ఖర్చులో పెద్ద వాటా యజమానిదనీ, నీళ్లలో నడిచేది అద్దెదారు కూడా కాబట్టి నిర్ణయంలో సమాన వాటా ఇద్దరిదనీ కుదుర్చుకోవచ్చు. ఈ సర్దుబాటు మీ నోటి నుంచి రానక్కరలేదు. విడదీసి చూపిస్తే చాలాసార్లు వాళ్లలోనే ఒకరు అంటారు.

అప్పటికీ వినకపోతే? ఇక్కడ తటస్థంగా ఉండాలని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. ప్రజల నిర్ణయాన్ని గౌరవించడమంటే వాళ్లలో బలమున్నవాళ్లు బలం లేనివాళ్ల మీద తీసుకున్న నిర్ణయానికి తలూపడం కాదు. అలాగని మీరు సంస్థ అధికారం ఉపయోగించి తీర్మానాన్ని తిరగరాయకూడదు, అది మరో రకం పెత్తనం. మీకు మిగిలిన దారి మీ హద్దును బహిరంగంగా చెప్పడం: ‘మీ నిర్ణయం మీరు తీసుకోవచ్చు. కానీ ఇక్కడ కాపురముంటున్న కొందరిని వదిలేసే ఏర్పాటుకు నా సమయం, మా సంస్థ పేరు ఇవ్వలేను.’ కోపంగా కాకుండా, బెదిరింపుగా కాకుండా, అందరూ ఉన్నప్పుడు చెప్పాలి. ఇలా చెప్పడానికి సంస్థ మీ వెనక నిలబడాలి కాబట్టి ముందుగా సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఉంచుకోండి. చెప్పాక పని కొన్ని నెలలు ఆగిపోవచ్చు, ఆగితే ఆ నష్టాన్ని భరించాల్సిందే.

మురుగు కాలువ కోసం కదలడం మొదలుపెట్టగానే ‘ఇది రాజకీయం’ అనే మాట వస్తుంది. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో అమెరికాలోని షికాగోలో హల్ హౌస్ అనే సేవా నివాసాన్ని స్థాపించి పేద వలస కుటుంబాల మధ్య నివసిస్తూ పని చేశారు. వాడలో చెత్త తీయడం లేదని ఫిర్యాదులు చేసీ చేసీ, చివరికి 1895లో ఆడమ్స్ స్వయంగా ఆ వార్డు చెత్త తనిఖీ అధికారి పదవి తీసుకున్నారు. ప్రజా సౌకర్యం గురించి అడగడం ఎప్పుడూ అధికారాన్ని ప్రశ్నించడమే, అందులో బెదరాల్సింది లేదు. ఏ పార్టీ జెండా కిందికీ వాడను నడిపించకుండా ఉంటే మీ హద్దులో మీరున్నట్టే.

మీ సహోద్యోగి మాటకు తిరిగి వస్తే, లక్ష్యాల లెక్కే సర్వస్వమైతే ఏమవుతుందో భారతదేశపు సొంత చరిత్రే చెబుతుంది. 1952 అక్టోబర్ 2న 55 ప్రాజెక్టులతో సమాజాభివృద్ధి పథకం మొదలైంది. ఒక్కోటి సుమారు 300 గ్రామాలకు, రెండు లక్షల జనాభాకు ఉద్దేశించింది. ప్రజలే ముందుకు వచ్చి తమ అభివృద్ధి తాము చేసుకోవాలన్నది ఆశయం. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ సమీక్షించి, పథకం ప్రజల చొరవను రేకెత్తించలేకపోయిందని తేల్చింది, ఎన్నికైన సంస్థలకు అధికారం ఇచ్చే మూడంచెల పంచాయతీ వ్యవస్థను సూచించింది. నిధులూ సిబ్బందీ ఉండి, పనులు జరుగుతూ ఉండి కూడా నిర్ణయం పైనే ఉండిపోతే జనం పథకాన్ని సర్కారు వ్యవహారంగానే చూస్తారని దాని నుంచి నేను గ్రహించింది.

కాబట్టి సంస్థ అడిగిన లెక్కలు ఇవ్వండి, తూతూమంత్రంగా కాకుండా సరిగ్గానే ఇవ్వండి. దానికి ఒక పేజీ అదనంగా జోడించండి. ఈ నెల ఏ నిర్ణయాలు జరిగాయి, ఎవరు తీసుకున్నారు, ఆ సమయంలో ఎవరు లేరు, మీ ప్రమేయం లేకుండా వాడవాళ్లు చేసుకున్న పనులేమిటి. మొదటి నెలల్లో చివరి గడి ఖాళీగా ఉంటుంది. అది నిండుతున్న కొద్దీ సూపర్‌వైజర్‌కు మీ పని ఏమిటో వేరే చెప్పనక్కరలేదు, తర్వాతి ప్రాజెక్టు ప్రతిపాదనలో మురుగు కాలువకు చోటు అడగడానికి అదే ఆధారమవుతుంది.

మీ సొంత హద్దుల గురించి క్లుప్తంగా చెబుతాను. చేబదుళ్లు ఇవ్వకండి, తీసుకోకండి. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పకండి, సదుద్దేశంతో కూడా. ఫోన్ తీయని వేళలు ఏవో వాడకు చెప్పి ఉంచండి. రాత్రి పదింటికి కూడా దొరికే కార్యకర్త ఏడాది తిరక్కుండానే అలిసిపోతారు.

ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో మీరు రాయలేదు. ఆ తేదీ వాడకు చెప్పి ఉండకపోతే వచ్చే సమావేశంలోనే చెప్పండి, చివరి మూడు నెలల దాకా దాచకండి. అర్జీల నకళ్లు, సందుల పటం, ఏ కార్యాలయంలో ఎవరిని కలవాలో రాసిన కాగితం, డబ్బు పోగుచేస్తే దాని పద్దు పుస్తకం, ఇవన్నీ ఎవరి దగ్గర ఉండాలో అదే సమావేశంలో తేల్చుకోమనండి. ఆ బాధ్యత ఒక్కరికే ఇవ్వకుండా ముగ్గురికి ఇవ్వమని సూచించండి. వాళ్లలో ఒకరు అద్దెకుండేవారు కావడం ఎలాగన్న చర్చ అక్కడే మొదలవుతుంది, దానికి తగినంత సమయం ఉంచుకుని మిగిలిన అంశాలను తర్వాతి వారానికి వాయిదా వేయండి.